కప్పలు ఆగిన చోటు

వానలు తెరిపివ్వని అడవిలో, వాగు పక్క గుడిసెకు మెట్ట ఊరి నుంచి ఒక కోడలు వచ్చింది. పొద్దు గూకితే చాలు, కప్పలూ కీచురాళ్లూ పేరు తెలియని పిట్టలూ గొంతు విప్పేవి. ఆమెకు కంటి మీద కునుకు పడేది కాదు.

"ఒక్క రాత్రి నోళ్లు మూసుకుంటే వీటి సొమ్మేం పోయింది?" అని అత్తతో మొరపెట్టుకునేది. అత్త నవ్వి ఊరుకునేది.

ఒకనాడు తేనెకు వెళ్లిన మొగుడు చీకటి పడ్డా రాలేదు. వాగు అవతల పులి తిరుగుతోందని అప్పటికే కబురు. అత్త గడపలో కూర్చుని వాగు వైపు చెవి పెట్టింది.

కోడలు లోపలికీ బయటికీ తిరిగింది. ఈ రొదలో ఆయన కేకేసినా వినపడదే! కంచం తీసి గరిటెతో దబదబా బాదింది. పెరట్లో కప్పలు గప్‌చుప్ అయ్యాయి.

అత్త ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "ఎంత పని చేశావే! మనిషి నడిచిన చోట ఇవి ఆగుతాయి. మనం వినాల్సింది ఆ ఆగటమే. నువ్వే నోరు మూయిస్తే వాడి జాడ ఎట్టా తెలిసేది?"

కోడలికి సిగ్గూ భయమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. కంచం కింద పెట్టి అత్త పక్కనే కూలబడింది. పెరటి కప్పలు ఒకటొకటిగా మళ్లీ అందుకున్నాయి.

చాలాసేపటికి వాగు రేవు దగ్గర రొద ఆగింది. తర్వాత, ఇంకాస్త ఇటుగా, వెదురు పొదల్లో ఆగింది.

"వస్తన్నాడు," అంది అత్త. అయినా ఆమె మొహం తేటపడలేదు.

"ఇంకేంటత్తా?"

"రేవులో మళ్లీ మొదలవ్వాల. వాడి వెనకాల ఇంకేదన్నా వస్తంటే మొదలవదు."

రేవు మూగగానే ఉంది. కోడలికి ఏ దేవుడూ గుర్తుకు రాలేదు. చేతులు జోడించి కప్పలకే మొక్కింది. "నోరు తెరవండి తల్లీ, మీకు పుణ్యముంటుంది!"

రేవులో ఒక కప్ప బెకబెకమంది. ఇంకోటి జవాబిచ్చింది. అంతలో రేవు రేవంతా హోరెత్తిపోయింది.

"అమ్మయ్య! ఒక్కడే," అని అత్త కాళ్లు చాపుకుంది. కోడలు ఏడుస్తూనే నవ్వింది.

మొగుడు తేనె కుండతో గుమ్మంలోకి వచ్చాడు. వానకు కాగడా ఆరిపోతే దారి తడుముకుంటూ వచ్చాడట.

తిని పడుకోబోతూ, పెళ్లానికి నిద్ర పట్టదు పాపమని కిటికీ తడిక మూయబోయాడు.

"తెరిచే ఉండనీ," అంది ఆమె.

బయట అడవంతా ఒకటే హోరు, ఎక్కడా సందు లేదు. ఎందుకని అతను అడిగేసరికి ఆమె గుర్రు పెడుతోంది.