నిలబడి చేసిన ప్రయాణం

నాంచారమ్మగారిని ప్రశ్న అడిగినవాళ్ళు కూర్చున్నచోటే జవాబు అందుకున్న దాఖలా లేదు. ప్రశ్న వినగానే ఆమె కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని, గొడుగు అందుకుని, “పద నాయనా, అలా వెళ్ళొద్దాం” అనేవారు. ఆ ‘అలా’ ఒక్కోసారి ఆస్పత్రి వంటింటి దాకా, ఒక్కోసారి సముద్రం దాటి ఇంకో దీవి దాకా ఉండేది.

ఆమెది దివిసీమ. బందరులో నర్సుగా చేరి, మేట్రన్‌గా రిటైరై, తోటివాళ్ళు మోకాళ్ళనొప్పుల గురించి మాట్లాడుకునే వయసులో పసిఫిక్ సముద్రంలోని ఒక చిన్న ద్వీపదేశానికి పాఠాలు చెప్పడానికి వెళ్ళారు. ఆ పాఠాలు నర్సులకు కాదు, నర్సుల మీద అజమాయిషీ చేసే మేనేజర్లకు. ఏ దీవికి ఏ నర్సును పంపాలి, ఒకరు సెలవు పెడితే ఎవరిని సర్దాలి, మంచి మనిషి ఉద్యోగం వదిలి పోకుండా ఎలా నిలుపుకోవాలి, ఇవీ సంగతులు. ఆ దేశంలో నర్సులందరినీ పోగేసినా ఒక పెళ్ళి పంక్తి నిండదు. అందుకని ఒక్కరిని తప్పు చోట వేస్తే ఒక దీవి మొత్తం తిప్పలు పడుతుంది. నేను ఆమె దగ్గర సహాయకుడిగా పనిచేశాను. ఆమె అంటే నాకు భక్తి. ముందే చెప్పేస్తే మంచిది. అక్కడ మేమంతా మాట్లాడుకున్నది ఇంగ్లీషే అయినా నాకు ఆమె మాటలు తెలుగులోనే గుర్తున్నాయి. ఆమె ఇంగ్లీషు కూడా అచ్చంగా అవనిగడ్డ యాసలోనే ఉండేది మరి.

ఆమె శిష్యులలో సియోనె అనే ఆయన ఉత్తరపు దీవుల నర్సులకు మేనేజరు. భారీ మనిషి, మనసు మాత్రం మెత్తన. ఆ వారమంతా ఆయన తరగతిలో వెనక గోడకు ఆనుకుని నిలబడే పాఠం విన్నాడు. గురువు ముందు కూర్చోకూడదనే మర్యాద కాబోలనుకుని మేము ముచ్చటపడ్డాం.

ఒక రోజు పాఠం అయ్యాక ఆయన అడిగాడు: “అమ్మగారూ, కోరుకున్న చోటు ఇచ్చినా పనిచేయని మనిషిని ఏం చెయ్యాలి? క్షమించాలా, తీసెయ్యాలా?”

ఆ మనిషి పేరు మెలె. సొంత దీవిలో పనిచేస్తానని బతిమాలితే ఆయనే పూనుకుని అక్కడికి వేయించాడు. సొంత ఊరి నర్సు అయితే జనం ధైర్యంగా వస్తారని ఆయన ఆలోచన. ఆడవాళ్ళు, పిల్లలు బాగానే వస్తున్నారు. మగవాళ్ళే క్లినిక్ గడప తొక్కడం మానేశారు. ఆ మధ్య అక్కడి చేపల వేటగాడు ఒకడు కాలిపుండు దాచుకుని దాచుకుని, ఆఖరికి రాజధానికి వస్తే పాదం తీసెయ్యాల్సి వచ్చింది.

“ఊళ్ళో మగవాళ్ళు ఎందుకు రావడం లేదని ఆమెను పిలిచి అడిగాను. తలవంచుకుని నిలబడింది. ఎన్నిసార్లు అడిగినా నోరు విప్పదు. జవాబు చెప్పాల్సినంత మనిషిని కాననా?” అన్నాడు సియోనె. చేసిన మేలు బూడిదపాలయిందన్న బాధ ఆయనది. మెలెను ఉద్యోగంలోంచి తీసేసి క్లినిక్ మూసేద్దామని నిశ్చయించుకున్నాడు. ఆమె బదులు పంపడానికి ఇంకో నర్సు లేదు. ఆ పని జరిగితే దీవిలో పురిటినొప్పులొచ్చినా పడవ ఎక్కాల్సిందే.

నాంచారమ్మగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. “మెలె నీకేమైనా అవుతుందా?” అని అడిగారు.

“మా అమ్మది ఆ దీవే. వాళ్ళమ్మా మా అమ్మా అక్కచెల్లెళ్ళ పిల్లలు. అందుకే కదా అంత పూనుకున్నాను!”

“పడవ ఎప్పుడు?” అంటూ ఆమె గొడుగు అందుకున్నారు.

మర్నాడు పొద్దున్నే ముగ్గురం బయల్దేరాం. పడవలో చెక్క బెంచీలున్నాయి. నాంచారమ్మగారు ఒకదాని మీద సర్దుకుని కూర్చున్నారు. సియోనె కూర్చోలేదు. అలలకు పడవ ఊగుతుంటే పైకొయ్య పట్టుకుని, అంత మనిషీ వేలాడుతూ వచ్చాడు. “ఇలా రావయ్యా, చోటుంది” అంటే, “గాలికి హాయిగా ఉందమ్మా” అని నీళ్ళు నమిలాడు. ఒక పెద్ద అల వచ్చి ఆయన తొడ బెంచీ అంచుకు తగిలింది. అప్పుడు ఆయన ముఖం చూసి నాకు మర్యాద సంగతి మీద అనుమానం వచ్చింది.

మెలె క్లినిక్ కొబ్బరిచెట్ల మధ్య అద్దంలా ఉంది. మందులు సర్ది ఉన్నాయి, దుప్పట్లు ఉతికి ఆరేసి ఉన్నాయి. సోమరి చేతుల్లో ఉన్న ఇల్లు కాదది, చూస్తే తెలిసిపోతుంది. మెలె లోపల ఒక పసిపిల్లవాడికి చెవిలో మందు వేస్తూ కిటికీలోంచి మమ్మల్ని చూసింది. మేనేజరును చూడగానే ఆమె కళ్ళు నేలకు వాలిపోయాయి.

సియోనె మెట్టెక్కబోతుంటే నాంచారమ్మగారు గొడుగు అడ్డం పెట్టి, మా ఇద్దరికీ తప్ప వినబడనంత మెల్లగా అన్నారు. “నాయనా, వారం రోజులుగా నీకు తొడ వెనక సెగ్గడ్డ సలుపుతోంది. దాచుకుంటే దాగేదా అది? ముప్పై ఏళ్ళు వార్డుల్లో తిరిగినదాన్ని. లోపలికి వెళ్ళి మెలెకు చూపించి కోయించుకుని రా. మేమిక్కడే కూర్చుంటాం.”

సియోనె ఉలిక్కిపడి రెండడుగులు వెనక్కి వేశాడు. “మెలెకా! అమ్మగారూ, ఆమె నాకు చెల్లెలు వరస!”

“నర్సు కదా?”

“నర్సే. అయినా చెల్లెలు. అన్న ఒంటి సంగతి చెల్లెలి ముందు ఎత్తనే కూడదు. ఇద్దరూ తలెత్తుకోలేరు. పుండైనా, పొక్కైనా...”

అక్కడ ఆయన మాట ఆగిపోయింది. మా వైపు పెద్దమ్మ, పిన్ని, పెదనాన్న, బాబాయి పిల్లలు అన్నదమ్ములైతే, మేనత్త కొడుకు బావ అవుతాడు, వేళాకోళాలకు అడ్డు ఉండదు. ఆ దీవుల్లో బావ వరస లేదు. ఎంత దూరపు చుట్టమైనా, ఆ దీవి రక్తమైతే చాలు, మగవాడు అన్నో తమ్ముడో అవుతాడు. ఆ లెక్కన మెలె ఊళ్ళో మగవాళ్ళందరికీ మెలె తోడబుట్టిందే. ఆ కాలిపుండు వేటగాడికీ తోడబుట్టిందే. ఇది సియోనెకు ఉగ్గుపాలనాడే తెలుసు. కానీ ఆఫీసు కుర్చీలో కూర్చుని ఆమెను ఏ దీవికి వెయ్యాలా అని చూసినప్పుడు నర్సు ఒక్కతే కనిపించింది, చెల్లెలు కనిపించలేదు.

ఆయన క్లినిక్ వైపు చూడలేక సముద్రం వైపు తిరిగాడు. కాసేపటికి, “నాకు చెప్పలేకపోయింది. నేనూ అన్ననే కదా. ఆ మాటలు నా ముందు ఎలా ఎత్తుతుంది?” అన్నాడు. అంత మనిషీ కళ్ళు తుడుచుకున్నాడు. నాంచారమ్మగారు కొబ్బరిబొండం తాగుతూ కూర్చున్నారు.

తర్వాత జరిగింది సియోనె బుర్రలో పుట్టినదే. మెలె దీవికి ఎదురుగా, తెడ్డుపడవ పోయేంత దూరంలో ఇంకో దీవి ఉంది. దానికీ సొంత దీవి నర్సునే వేశాడు; అక్కడా మగవాళ్ళు గడప తొక్కడం లేదన్న సంగతి ఇప్పుడు తట్టింది. ఆయన అప్పటికప్పుడు పడవ కట్టించుకుని ఆ దీవికి వెళ్ళాడు. అక్కడి నర్సు ఆయనకు ఏ వరసా కాదు. తన కింద పనిచేసే మనిషి ముందు బోర్లా పడుకుని, పళ్ళు బిగబట్టి, సెగ్గడ్డ కోయించుకున్నాడు. తిరిగొచ్చి ఊరి పెద్దను కలిశాడు. వారానికి ఒక రోజు ఆ నర్సు ఇక్కడికి వస్తుంది, మెలె అక్కడికి వెళుతుంది. ఆ రోజు క్లినిక్ మగవాళ్ళది. ఎవరూ సొంత ఊరు వదలక్కర్లేదు. పెద్దాయన కారణం అడగలేదు. వెంటనే తల ఊపిన తీరు చూస్తే ఎన్నాళ్ళనుంచో ఎదురుచూస్తున్నట్టే ఉంది.

ఈ ఏర్పాటు సంగతి మెలెకు ఊరి పెద్ద భార్య చేత చెప్పించారు. మేము పడవ ఎక్కుతుంటే మెలె ఒడ్డు దాకా వచ్చింది. అన్న వైపు చూడలేదు. నాంచారమ్మగారి చేతిలో కాల్చిన సీమపనస ముక్కల పొట్లం పెట్టి, “ఆయనకు కూడా” అని మాత్రం అంది.

తిరుగు ప్రయాణంలో సియోనె బెంచీ మీద ఒక పక్కకు ఒరిగి కూర్చున్నాడు. పనసముక్కలు తింటూ చాలాసేపు ఆలోచించి అడిగాడు.

“అమ్మగారూ, మీకు అంతా నిన్ననే తెలిసిపోయింది కదా. ఆ మాటేదో తరగతిలోనే చెప్పేస్తే పోయేది. ఎందుకు చెప్పలేదు?”

నాంచారమ్మగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“నీకు తెలిసిన సంగతే కదా అని ఊరుకున్నాను నాయనా. మెలె కూడా అలాగే అనుకుని ఉంటుంది, పాపం.”