ఊదినవాడి తాళం

పనసలవలసలో ఎర్నమ్మ ఇంటిని ఊరివాళ్ళు బుర్రోళ్ళ ఇల్లు అంటారు. వెక్కిరింపుగా పెట్టిన పేరది. ఎర్నమ్మ మాత్రం దాన్ని బిరుదనుకుని గుమ్మం పైన సున్నంతో రాయించుకుంది. ఎందుకు రాయించుకోదు? ఆ ఇంట్లో తెలివి అంతా ఇంతా కాదు. మొన్న వానాకాలం ఇల్లు కారుతుంటే, కారేచోట గిన్నె పెట్టుకోమని పక్కింటావిడ చెప్పింది. ఇంటిల్లిపాదీ కలిసి గిన్నె పెట్టారు. బోర్లించి పెట్టారు. ఎలా పెట్టాలో ఆవిడ చెప్పలేదు కదా. ఇల్లంతా చెరువైపోయినా గిన్నెలో ఒక్క చుక్క పడలేదని పండగ దాకా గొప్పలు చెప్పుకున్నారు.

ఎర్నమ్మకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు గవరయ్య లగేజీ ఆటో తోలతాడు. నడిపివాడు తవుడు వెనకాల కూర్చుని పనసకాయలు దొర్లిపోకుండా పట్టుకుంటాడు. చిన్నవాడు సూరి వాళ్ళిద్దరికీ సలహాలిస్తాడు. ముగ్గురికీ చేతినిండా పనే.

గవరయ్య మంచివాడు, కల్లు పడనంతవరకు. పడిందా, రోడ్డు తన ఒక్కడికోసమే వేశారనుకుంటాడు. ఒకనాడు ఎవరిదో దడి పోయేది, ఇంకోనాడు ఎవరిదో గడ్డివాము. ఊళ్ళో ఎవరూ తిట్టేవాళ్ళు కాదు, నవ్వేవాళ్ళు. కల్లుపాకలో అతనికి జతగాడు దాలయ్య అని ఉన్నాడు. "ఆడు తోలడమేటి? ఆ బండికే దారి తెలుసు" అనేవాడు. పాకంతా పడీ పడీ నవ్వేది. నాకైతే ఆ నవ్వు ఎప్పుడూ అర్థం కాలేదు. దారి తెలిసిన బండికి గడ్డివాములో ఏం పని?

ఇలా ఉండగా సూరికి బొడ్డపాలెం సంబంధం వచ్చింది. పిల్ల పేరు నీలవేణి, కూర్మయ్యకి ఒక్కతే కూతురు. సంతలో ఆ పిల్ల పనసకాయ తట్టి చూసి "ఇది పచ్చిది" అని చెప్పిన రోజు నుంచీ సూరికి అన్నం సహించడం లేదు. పిల్లకీ ఇష్టమే. ఎందుకిష్టమో పిల్లనే అడగాలి.

మాటలకి వెళితే కూర్మయ్య చాప వేసి కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, అసలు సంగతి ఎత్తాడు.

"సెల్లెమ్మా, నాదొకటే మాట. మా తమ్ముడిని జీడితోట మలుపుకాడ తాగినోడొకడు బండితో కొట్టీసినాడు. ఆడు మంచోడే, తాగినప్పుడే అలగ అని ఊరంతా సెప్పినారు. మా తమ్ముడు తాగకపోయినా మంచోడే. ఆ సంగతి ఎవులూ సెప్పలేదు. మీ ఇంట్లో తాగినోడు బండి తోలినాడని నాకు తెలిసిందా, ఈ పెళ్ళి లేదు."

సూరి ముఖం పాలిపోయింది. ఎర్నమ్మ మాత్రం తొణకలేదు.

"ఏటి సెయ్యాలో సెప్పన్నయ్యా. మాకు బుర్రున్నాది, సెప్తే సాలు."

"తాగినోడి సేతికి తాళం ఇవ్వకండి."

"అంతేనా?"

"అంతే."

ఇంతలో సంతరోజు వచ్చింది. గవరయ్య కల్లుపాక నుంచి తూలుతూ వచ్చి చెయ్యి చాపాడు. ఎర్నమ్మ ఆ చేతిమీద ఒక్కటిచ్చింది. "సేతికి ఇవ్వనంటే ఇవ్వను" అని, తానే వెళ్ళి ఆటోలో తాళం పెట్టి, తానే తిప్పి, "ఇప్పుడెళ్ళు నాయినా" అంది. ఇంకేముంది, ఆటో పోయి పోయి కుమ్మరి వాకిట్లో ఆరబెట్టిన కుండల మీదకెక్కింది.

కబురు తెలిసి కూర్మయ్య పరుగున వచ్చాడు. ఎర్నమ్మ ఎదురెళ్ళి మరీ చెప్పింది. "నీ మాట జవదాటలేదన్నయ్యా. తాళం ఆడు ముట్టుకుంటే ఒట్టు."

కూర్మయ్య తల పట్టుకున్నాడు. చుట్టూ మూగినవాళ్ళు నవ్వుతున్నారు. ఆయన ఒక్కడే నవ్వలేదు. "మీకు సెప్పడం నా వల్ల కాదు. జంక్షన్ కాడ పోలీసోళ్ళు తాగినోళ్ళని ఆపుతారు. ఎళ్ళి సూసి నేర్సుకోండి. ఇదొక్కసారికీ వొగ్గేస్తన్నాను" అన్నాడు.

తల్లీ ముగ్గురు కొడుకులూ జంక్షన్‌కి వెళ్ళి, గట్టుమీద వరసగా కూర్చుని చూశారు. మోటారుసైకిలు మీద ఒకడు తూలుకుంటూ వచ్చాడు. పోలీసులు వాడి నోటికి ఒక మిషను పెట్టి ఊదించారు. నీడన కూర్చోబెట్టారు. పొద్దు వాలేసరికి వాడు లేచి తిన్నగా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఎర్నమ్మ కళ్ళు మెరిశాయి.

"సూసినార్రా? తేలు కుడితే మంత్రగాడు ఊది విషం దింపడా? ఇదీ అదే. ఊదితే కల్లు దిగిపోతాది. ఆ మిషనులోకి పోతాది."

"మంత్రగాడయితే ఆడే ఊదుతాడు కదమ్మా. ఇక్కడ కుట్టించుకున్నోడే ఊదుతున్నాడేటి?" అని తవుడు అడిగాడు.

"గవర్మెంటు మంత్రం అలగే ఉంటాదిరా" అని సూరి సలహా చెప్పాడు.

అంతే. పై సంతకి గవరయ్య మళ్ళీ తాగాడు. ఈసారి ఇంట్లో ఎవరూ కంగారుపడలేదు. కల్లు దింపించుకొద్దామని అందరూ ఆటో ఎక్కారు. తోలింది ఎవరనుకున్నారు? గవరయ్యే. తోలడం వచ్చినవాడు అతనొక్కడే మరి.

జంక్షన్ దగ్గర ఆటో బారికేడుని ముద్దుపెట్టుకుని ఆగింది. ఎస్సైగారు పరుగెత్తుకొచ్చి "ఎవరు తాగారు?" అన్నారు.

"మా పెద్దోడు బాబూ" అంది ఎర్నమ్మ చేతులు జోడించి. "ఆడికి ఊపిరి సాలదు. ఆడి బదులు మేం ఊదుతాం." ఎస్సైగారు తేరుకునేలోపే మిషను లాక్కుని బుగ్గలు పొంగించి ఊదింది. తర్వాత తవుడు ఊదాడు. తర్వాత సూరి ఊదాడు. మిషనులో మూడుసార్లూ సున్నా వచ్చింది.

"ఒక్క సుక్క మిగల్లేదు, మొత్తం దిగిపోనాది. బండెక్కరా గవరా" అంది ఎర్నమ్మ.

ఎస్సైగారు గవరయ్య చేత ఊదించారు. మిషను కీచుమని అరిచింది.

"అయ్యో, పాడైపోనాది బాబూ. ఇందాకటి దాకా బాగానే పనిసేసింది."

ఎస్సైగారికి నవ్వొచ్చింది, ఆపుకున్నారు. ఆటో తాళం జేబులో వేసుకుని, చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పారు. "అమ్మా, ఈ మిషన్ కల్లు దింపదు. ఊదిస్తే తాగినవాడెవడో తెలుస్తుంది. తెలిశాక వాడి తాళం తీసేసుకోవడమే. ఇంకో మాట, తాగి బండెక్కకూడదు. గుర్తుంటుందా?"

"మాకు బుర్రున్నాది బాబూ" అన్నారు నలుగురూ ఒక్కసారే. ఆటోలోని పనసకాయలు నెత్తిన పెట్టుకుని, ఆ రెండు మాటలూ దారిపొడుగునా వల్లెవేసుకుంటూ ఇంటికి నడిచారు. కూర్మయ్యకి కబురు వెళ్ళకుండా సూరి దారిలో కనిపించినవాళ్ళందరికీ దణ్ణాలు పెట్టాడు.

కొన్నాళ్ళకి కోర్టులో కట్టాల్సింది కట్టాక ఆటో ఇంటికొచ్చింది. గవరయ్య నిజంగా మాటమీద నిలబడే మనిషి. తాగి బండెక్కకూడదన్నారు కదా, అందుకని కల్లుపాక ముందు ఆటో ఆపి దిగనే లేదు. సీటులో కూర్చునే దాలయ్య చేత ముంత తెప్పించుకున్నాడు. ముందు ఎక్కాడు, తర్వాత తాగాడు. చట్టం తప్పలేదని పాకంతా చప్పట్లు కొట్టింది. "బండికే దారి తెలుసు, పోనీ" అని దాలయ్య వెనక తట్టి పంపించాడు.

బండికి దారి తెలియలేదు. జీడితోట మలుపు దగ్గర పచ్చగడ్డి మోపు నెత్తిన పెట్టుకుని నీలవేణి నడిచి వస్తోంది. ఆటో ఆమె మీదకే వెళ్ళింది. ఆమె మోపు వదిలేసి పక్క గోతిలోకి దూకింది. ముందు చక్రం మోపు మీదకెక్కి ఆగిపోయింది.

గవరయ్యకి చక్రం కింద ఏదో మెత్తగా నలిగినట్టు తెలిసింది. అంతే, తాగిందంతా దిగిపోయింది. ఏ మిషనూ అక్కర్లేకపోయింది. దిగి చూడకుండానే స్టీరింగు మీద తలపెట్టుకుని గుక్కపట్టి ఏడ్చాడు. "సంపీసినాన్రా, మా సూరిగాడి పిల్లని సంపీసినాను" అంటూనే ఉన్నాడు.

నీలవేణి గోతిలోంచి పాక్కుంటూ పైకొచ్చింది. కాలు బెణికింది, మోచెయ్యి చెక్కుకుపోయింది. ఆమెని చూసి గవరయ్య ఇంకా గట్టిగా ఏడ్చాడు.

కూర్మయ్య వచ్చాడు. తమ్ముడు పడిపోయిన చోటే కూతురు రక్తంతో నిలబడి ఉంది. కర్ర ఎత్తబోయాడు, చేతకాలేదు. "పెళ్ళి లేదు, ఏటీ లేదు. పదమ్మా" అన్నాడు. అప్పటికి పరుగెత్తుకొచ్చిన సూరి రోడ్డు మీద చతికిలబడ్డాడు.

నీలవేణి కదల్లేదు. "నాన్నా, కల్లుపాకలో తెలివైనోళ్ళందరికీ ఇది తప్పని తెలుసు. తెలిసే నవ్వుతారు. ఈళ్ళు సెప్పింది సెప్పినట్టు సేస్తారు. సరిగ్గా సెప్పినోడు లేడు, అంతే." గవరయ్య వైపు తిరిగింది. "బావా, కల్లు ముట్టుకున్న రోజు బండి ముట్టుకోకు. ముందూ కాదు, ఎనకా కాదు."

గవరయ్య ముక్కు తుడుచుకున్నాడు. "అలగ ముందే సెప్పొచ్చు కదమ్మా" అని తాళం తీసుకెళ్ళి కూర్మయ్య కాళ్ళ దగ్గర పెట్టాడు. "నీకాడే ఉంచు మావా. నాను కల్లు మానీసినానని నీకు నమ్మకం కుదిరేదాకా నాకియ్యకు."

అన్నమాట ప్రకారం ఆ తర్వాత అతను పాక వైపు వెళ్ళలేదు. దాలయ్య పిలిచినా వెళ్ళలేదు. కూర్మయ్య చాలా రోజులు చూశాడు, చివరికి మెత్తబడ్డాడు. ముహూర్తం పెట్టించి ఎర్నమ్మని పిలిచి చెప్పాడు. "సెల్లెమ్మా, పెళ్ళికి నలుగురూ వస్తారు, నాలుగు బళ్ళొస్తాయి. తాగినోడెవడూ బండి ముట్టుకోకుండా సూసే బాజ్జత మీది."

ఆ మాట ఎవరికి చెప్పకూడదో వాళ్ళకే చెప్పాడు.

పెళ్ళిరోజు బొడ్డపాలెంలో తెల్లవారగానే బుర్రోళ్ళు కాపలా కాశారు. తాగినవాణ్ణి గుర్తుపట్టడం వాళ్ళకి వచ్చు. ఊదేవాడే తాగినవాడు. ఎస్సైగారే చెప్పారు. పందిట్లోకి రాగానే ఏం కనపడింది? సన్నాయి బంగారయ్య. బుగ్గలు బూరెల్లా పొంగించి, కళ్ళు మూసుకుని ఒకటే ఊదుడు.

"ఓలమ్మో, ఈయన పీకల్దాకా తాగీసినాడు" అంది ఎర్నమ్మ.

"నా జన్మలో కల్లు ముట్టలేదమ్మా" అన్నాడు బంగారయ్య.

"మరెందుకు ఊదుతున్నావు?"

"ఊదకపోతే మోగదు కదా."

"ఇన్నారు కదా, ఊదడం ఒప్పీసుకున్నాడు" అని తవుడు మేళం వ్యాను తాళం తీసేసుకున్నాడు.

అక్కడితో ఆగితే బుర్రోళ్ళెందుకవుతారు? పొయ్యి ఊదుతున్న వంటవాడి మోపెడ్ తాళం పోయింది. హోమం రాజుకోక ఊదిన పంతులుగారి స్కూటర్ తాళం పోయింది. కంట్లో నలక పడితే పెళ్ళాం కన్ను ఊదిన పెద్దమనిషి కారు తాళమూ పోయింది. చాప మీద దుమ్ము ఊదిన పాపానికి, కూర్మయ్య బొడ్డులో దాచుకున్న ఆటో తాళం కూడా పోయింది. ఇంతమంది తాగుబోతుల మధ్య పిల్లనెలా పెంచాడో అని ఎర్నమ్మ బుగ్గలు నొక్కుకుంది.

అప్పుడే పెళ్ళాన్ని వెనకాల ఎక్కించుకుని దాలయ్య మోటారుసైకిలు మీద వచ్చాడు. అతను మాత్రం నిజంగానే పొద్దుట్నుంచీ తాగి ఉన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు, అలవాటే కదా. ఉక్కపోస్తుంటే చొక్కా గుండీలు విప్పి గుండెల మీదకి ఉఫ్‌మని ఊదుకున్నాడు. తవుడు ఒక్క ఉదుటున వెళ్ళి తాళం లాక్కున్నాడు.

"ఒరే, నా బండికే దారి తెలుసురా" అన్నాడు దాలయ్య నవ్వుతూ.

"అయితే దాన్నొక్కదాన్నే పంపీ. నువ్వు నడిసి ఎళ్ళు" అన్నాడు తవుడు. వేళాకోళానికి అనలేదు. నిజంగానే అన్నాడు.

ఈసారి జనం నవ్వింది దాలయ్యని చూసి. అతని పెళ్ళాం కొంగుముడి విప్పి, ఆ బండి రెండో తాళం కూడా తీసి తవుడి చేతిలో పెట్టింది.

తాళాలన్నీ బిందెలో పడ్డాయి. ఇప్పుడు వీటిని ఎక్కడ దాచాలి? తాగినవాడి చేతికి ఇవ్వకూడదు. ఎవరి చేతికీ అందని చోటు ఏదని సూరిని సలహా అడిగారు. పెళ్ళిపీటల మీద కూర్చునే సూరి సలహా ఇచ్చాడు. ఇంకేముంది, బిందె బుడుంగుమని నూతిలో పడింది.

పెళ్ళి సలక్షణంగా అయిపోయింది. సాగనంపడానికి ఒక్క బండీ కదలదు. తిట్టేవాళ్ళు తిట్టారు, నూతిలోకి తొంగిచూసేవాళ్ళు చూశారు. చివరికి పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ చుట్టాలూ మేళమూ అందరూ పనసలవలసకి నడక మొదలుపెట్టారు. దాలయ్యని అతని పెళ్ళాం చెయ్యి పట్టుకుని నడిపించింది.

జీడితోట మలుపు వచ్చింది. కూర్మయ్య ఆగిపోయాడు. ఆ చోట ఆయన ఎప్పుడూ తల వంచుకుని గబగబా దాటేసేవాడు. ఇవాళ రోడ్డు నిండా నవ్వుకుంటూ కబుర్లాడుకుంటూ నడిచే మనుషులే, ఒక్క బండి లేదు. ఆయన కండువాతో కళ్ళు తుడుచుకుని ఎర్నమ్మతో అన్నాడు. "తెలివైనోళ్ళు ఇన్నేళ్ళలో ఒక్క తాళం తియ్యలేదు సెల్లెమ్మా."

"మాకు బుర్రున్నాదని మొదటే సెప్పినాను కదన్నయ్యా" అంది ఎర్నమ్మ.

మలుపు దాటాక టీ బడ్డీ ఉంది. అందరూ అలిసిపోయి అక్కడ ఆగారు. నీలవేణికి బెణికిన కాలు మళ్ళీ నొప్పి పెడుతోంది, పైకి చెప్పలేదు. టీ పొగలు కక్కుతుంటే గ్లాసు పెదాల దగ్గర పెట్టుకుని ఉఫ్‌మని ఊదింది.

ఎర్నమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "ఒరే నాయినా, కొత్త కోడలు ఊదుతున్నాదిరా."

తవుడు గబుక్కున వచ్చాడు. "తాళం లేదమ్మా, నడిసే వస్తున్నాది. ఏటి తీసుకోమంటావు?"

"అయితే నడవనివ్వకండి. తాగినోళ్ళ కాళ్ళని నమ్ముతామేటి? సూరీ, నీ పెళ్ళాన్ని ఈపున ఎక్కించుకో."

సూరి వంగాడు. నీలవేణి గ్లాసు వదలకుండానే మొగుడి వీపు మీదకి ఎక్కి, మెడచుట్టూ చెయ్యేసి హాయిగా కూర్చుంది. ఇంటికి ఇంకా చాలా దూరం ఉంది. కాస్త దూరం వెళ్ళాక సూరికి అనుమానం వచ్చి "కల్లు దిగిపోనాదా?" అని అడిగాడు.

నీలవేణి చేతిలో మిగిలిన ఖాళీ గ్లాసులోకి ఇంకోసారి ఊదింది.