తేలే మంచు మోసిన బరువు

"మాస్టారూ, తేలుతున్న మంచు విరిగి కొట్టుకుపోయినా సముద్రం వెంట్రుకవాసి కూడా పెరగదు కదా. అలాంటప్పుడు దానికోసం నా పరిశోధన గ్రంథంలో ఒక అధ్యాయం రాయడం దేనికి?" అని నీలవేణి అడిగింది.

అడిగింది పసుమర్తి దక్షిణామూర్తి గారిని. విశాఖపట్నంలో సముద్రం వైపు తిరిగి ఉన్న ఒక చిన్న గదిలో ఆయన మాకు హిమనదుల గురించి పాఠం చెప్పేవారు. నీలవేణి, నేను ఆయన దగ్గర పరిశోధనకు చేరిన ఆఖరి విద్యార్థులం. దక్షిణ ధ్రువంలో నేలమీది మంచు నదిలా మెల్లగా జారి సముద్రంలోకి దిగుతుంది. దిగాక నేలను వదిలి, విడిపోకుండానే, పెద్ద పలకలా నీటిమీద తేలుతుంది. ఆ పలక గురించే ఆమె ప్రశ్న. తేలే వస్తువు తన బరువుకు తగిన నీటిని ముందే పక్కకు నెట్టేసి ఉంటుంది కాబట్టి అది పోయినా కొత్తగా పెరిగేదేమీ లేదని ఆమె కాగితం మీద లెక్కవేసి చూపించింది. మాస్టారు ఆ కాగితాన్ని ఆఖరి వరుస దాకా చదివి, తప్పేమీ లేదన్నారు. తర్వాత కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, మేము అంతకుముందు ఎన్నడూ వినని సంగతి ఒకటి చెప్పారు.

అప్పుడు ఆయనకు ముప్పై ఒకటో ఏడు. ధ్రువప్రాంతంలో ఒక హిమనది మీద మూడు నెలలు గుడారం వేసుకుని ఉన్నారు. మొత్తం ముగ్గురు. ఈయన ఆ శిబిరానికి పెద్ద. థామస్ అనే కేరళ డాక్టరు వైర్‌లెస్ కూడా చూసుకునేవాడు. మూడో మనిషి సొంటి అప్పలనరసయ్య, చక్రాలకు బదులు ఇనుప పట్టీలున్న మంచుబండి నడిపే మెకానిక్కు. ఊరు భీమిలి. యాభయ్యేళ్ళు నిండినవాడు. ఇరవై ఏళ్ళు పడవల ఇంజన్ల మధ్య బతికాడు కనుక ఏ యంత్రానికి ఏం జబ్బో చెవితోనే పట్టేవాడు.

వాళ్ళకు దిగువన ఒక అఖాతం ఉండేది. హిమనది అందులోకి దిగి, రెండు పక్కలా కొండచరియలను ఒరుసుకుంటూ, మధ్యలో నీటి అడుగున ఉన్న ఒక మిట్టను ఆనుకుంటూ, పలకై తేలి ఉండేది. గాలి పడిపోయినప్పుడు అటువైపు నుంచి మూలుగు లాంటి చప్పుడు వచ్చేది. ఒకనాడు నరసయ్య అది వింటూ చాలాసేపు నిలబడ్డాడు. వట్టినే తేలుతున్న మంచుకు అంత చప్పుడు ఎందుకని ఈయనను అడిగాడు. అలలకు ఊగుతుందని ఈయన జవాబు చెప్పారు. నరసయ్య తల అడ్డంగా ఊపాడు.

"బరువు మొయ్యనిది ఇలా మూలుగుతాదేటి బాబూ?" అన్నాడు.

జనవరి మధ్యలో ఆ పలక విరిగింది. నాలుగు రోజుల్లో ముక్కలు ముక్కలై, గాలికి సముద్రంలోకి కొట్టుకుపోయింది. అఖాతంలో నీలంగా నీళ్ళు మిగిలాయి. మూలుగు ఆగిపోయింది. ప్రధాన స్థావరం వాళ్ళు వైర్‌లెస్‌లో సంగతేమిటని అడిగితే మాస్టారు లెక్క కట్టి పంపారు. సముద్రమట్టం మీద దాని ప్రభావం శూన్యం అని రాశారు. అంతటితో ఆగలేదు. హిమనదిలో మార్పేమీ ఉండదని, తాము వచ్చిన దారినే తిరిగి వస్తామని కూడా కింద జోడించారు. ఆ రెండో మాటకు లెక్క లేదు. మొదటి మాట సరైనది కనుక రెండోది కూడా దానంతట అదే సరైపోతుందని అనుకున్నారు.

మంచు ఎంత వేగంగా కదులుతోందో తెలుసుకోవడానికి ఆయన హిమనది పొడవునా వెదురు గడలు పాతించారు. పదిరోజులకొకసారి అవి ఎంత జరిగాయో కొలిచేవారు. రోజుకు మూరెడు జరిగేవి. పలక విరిగాక కొలవవలసిన రోజు రానే వచ్చింది. అప్పటికి ఓడ వచ్చే తేదీ దగ్గర పడుతోంది, సామాను కట్టాలి. ఆ ఒక్కసారికి కొలత మానేశారు.

బయలుదేరే ముందురోజు నరసయ్య గుడారంలోకి వచ్చి కింద కూర్చున్నాడు. ఆ చప్పుడు పోయినప్పటి నుంచి తనకు మనసు మనసులో లేదన్నాడు. గడలు ఒక్కసారి కొలిచి చూడమన్నాడు. అంత తీరిక లేకపోతే కొండగట్టు మీదుగా చుట్టూ తిరిగి పోదామన్నాడు. గట్టు దారిన రెండు రోజులు ఎక్కువ పడుతుంది. మాస్టారు అతని ముందు కాగితం పరిచి, తేలే మంచు సంగతి ఓపికగా వివరించారు. నరసయ్య అంతా విన్నాడు. తనకు లెక్కలు రావని, పెద్దవారు చెప్పాక కాదనడానికి ఏముందని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి ఒక్కటి మాత్రం కోరాడు. రేపు బండిలో తానొక్కడే ఉంటాడు, మిగిలిన ఇద్దరూ తాడు కట్టుకుని వంద అడుగులు వెనకగా నడవాలి. మాస్టారు దానికి ఒప్పుకున్నారు. ముసలివాడి చాదస్తం అనుకున్నానని మాతో చెప్పేటప్పుడు ఆయన గొంతు మామూలుగానే ఉంది.

వచ్చేటప్పుడు దారి గుర్తుకు ఎర్రజెండాలు పాతుకుంటూ వచ్చారు. ఆ జెండాల వెంబడే తిరుగు ప్రయాణం. ఆరో జెండా దగ్గర, ముందెప్పుడూ చిన్న బీట కూడా లేని చోట, బండి ముందుభాగం ఒక్కసారిగా కుంగింది. మరుక్షణం బండి లేదు. కొత్తగా పడ్డ నెర్రె మీద మెత్తటి మంచు కప్పుకుని ఉందని అప్పుడు తెలిసింది.

థామస్ తాడు పట్టుకుంటే మాస్టారు అందులోకి దిగారు. ఇరవై బారల తాడూ అయిపోయింది. బండి ఇంకా కిందెక్కడో గోడల మధ్య ఇరుక్కుని ఉంది. పిలిస్తే పలుకు లేదు. అది సూర్యుడు అస్తమించని కాలం. వెలుగులోనే ఒక రోజంతా ఆ అంచున కూర్చుని పిలుస్తూ ఉన్నారు. చివరికి థామసే ఆయనను రెక్కపట్టి లేపాడు.

గట్టు దారికి మళ్ళుతూ మాస్టారు గడల దగ్గర ఆగి కొలిచారు. సముద్రానికి దగ్గరగా ఉన్నవి రోజుకు మూడు మూరలు జరుగుతున్నాయి. ఎగువన ఉన్నవి ఇంకా పాత నడకతోనే ఉన్నాయి. కింది మంచు ముందుకు లాగింది, పైమంచు రాలేకపోయింది, నడుమ భాగం సాగి చిరిగింది. ఆ కొలతకు పట్టింది ఒక పూట.

మరుసటి ఏడాది ఆయన మళ్ళీ అక్కడికి వెళ్ళారు. చరియలనూ మిట్టనూ ఆనుకుని ఇన్నాళ్ళూ ఎగువ మంచును నిలబెట్టింది ఆ పలకేనని అప్పటికి ఆయనకు సందేహం లేదు. మంచు నేలను వదిలి తేలడం మొదలుపెట్టే చోటు లోపలికి జరిగిపోయింది. అక్కడ నేల లోపలికి పోయేకొద్దీ పల్లంగా ఉంటుంది. వెనక్కు తగ్గినకొద్దీ లోతు ఎక్కువ, మంచు మందం ఎక్కువ, జారిపోయేదీ ఎక్కువ. ఆ జారేది తేలే మంచు కాదు, అంతవరకూ నేలమీద ఉన్న మంచు. అది సముద్రంలో ఎంత చేరితే నీరు అంత పెరుగుతుంది.

రెండు ప్రయాణాలకూ మధ్య ఆయన భీమిలి వెళ్ళారట. నరసయ్య భార్య పైడితల్లమ్మ వాకిట్లో చేపలు ఎండబెడుతోంది. ఈయనకు మంచినీళ్ళిచ్చి, జరిగినదంతా కదలకుండా వింది. ఏడవలేదు, నిందించలేదు. ఒక్కమాట మాత్రం అడిగింది.

"ఆయనకి చప్పుడు తెలుస్తాది బాబూ. మీతో చెప్పలేదా?"

చెప్పాడని మాస్టారు ఒప్పుకున్నారు. ఆమె తలవంచి మళ్ళీ చేపలు తిరగేయడం మొదలుపెట్టింది. ఆయన వచ్చేశారు.

ఇంతవరకూ చెప్పి మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నారు. నీలవేణి తన కాగితం వైపు చూస్తూ, ఆనాటి లెక్కలో తప్పు ఎక్కడ జరిగిందని మెల్లగా అడిగింది.

"లెక్క తప్పు కాదమ్మా, ఈరోజు వేసినా అదే వస్తుంది," అన్నారు మాస్టారు. "నేను సముద్రాన్ని ఒక్కదాన్నే అడిగాను, వెనక నిలిచిన మంచును అడగలేదు."