ఈరవ్వ పట్టిన నాడి

అనగనగా అనడం నా వంతు, ఊఁ కొట్టడం మీ వంతు. ఊఁ ఆగితే కథా ఆగుతుంది, ముందే చెబుతున్నాను.

మీ తాతకు తాత కూడా పుట్టని కాలంలో, ఒక వాగు ఒడ్డున శరభయ్య అనే వైద్యుడు ఉండేవాడు. ఆయన దగ్గర శిష్యులు వైద్యం నేర్చుకునేవారు. ఈరవ్వ అనే ముసలామె వాళ్లకు కల్వంలో మందులు నూరి పెట్టేది. ఏ వేరు ఏ జబ్బుకో ఆమెకు తెలియదు. నూరమంటే నూరేది, ఆపమంటే ఆపేది.

ఆ వైద్యులకు ఒక కట్టుబాటు ఉండేది. వైద్యుడు ఏడవకూడదు. వైద్యుడి కన్నీరు పడితే మందు పని చెయ్యదని వాళ్ల నమ్మకం. ఆ కట్టుబాటు పెట్టింది ఎవరో గానీ, వాడి నోట్లో దుమ్ము పడ!

ఇంతలో గత్తర, అదే కలరా, వచ్చిపడింది. పొద్దున నవ్విన మనిషి సాయంత్రానికి లేడు. శిష్యులు ఊరూరా తిరిగారు. నాడి చూశారు, మందు పోశారు, పోయినవాళ్ల కళ్లు మూశారు. మరో ఊరు వెళ్లారు. నాడి చూశారు, మందు పోశారు, పోయినవాళ్ల కళ్లు మూశారు. ఒక్కరూ ఏడవలేదు.

వాళ్లలో అందరికంటే చిన్నవాడు ఓదెలు. మొదట అన్నం మానేశాడు. తర్వాత నిద్ర మానేశాడు. ఆ తర్వాత మాట మానేశాడు. అలిసిపోయాడులే అనుకున్నారు తోటివాళ్లు. ఎవరి కష్టం వాళ్లకుంది మరి.

ఒక పొద్దున అతను మందు కోసం ఈరవ్వ దగ్గరికి వచ్చాడు. చేతిలోంచి గిన్నె జారిపోయింది. ఈరవ్వ తలెత్తి చూసింది.

"తిన్నవా బిడ్డా?"

తల అడ్డంగా ఊపాడు.

"పన్నవా?"

పడుకోలేదని మళ్లీ అడ్డంగా ఊపాడు.

"ఏడ్సినవా?"

ఈసారి తల ఊపలేదు. "ఆ పొంగే వాగులకు నడిచిపోవాల్ననిపిస్తున్నదవ్వా" అన్నాడు.

ఈరవ్వ నూరడం ఆపి అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"నీకు నాడి చూసుడు వస్తదా అవ్వా?"

"రాదు బిడ్డా. పట్టుకునుడే వస్తది. నువ్వు ఏడువు, నేను ఇడువ."

ఓదెలు ఏడ్చాడు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ కన్నీళ్లు కల్వంలో పడ్డాయి. సరిగ్గా అప్పుడే శరభయ్య వచ్చాడు.

"మందు చెడిపాయె! పారబొయ్యుండ్రి!"

"వేర్లు ఒడిసినయయ్యా, ఉన్నది ఇదే. అవతల ఊరోళ్లు ఎదురుచూస్తున్నరు" అంది ఈరవ్వ. "మీ కట్టుబాటు నాకు ఎరుక లేదు. ఈ పోరడు చచ్చేటట్టున్నడు, అది ఎరుకే." ఆమె చెయ్యి వదల్లేదు.

వేరే దారి లేదు. ఆ మందే ఇంకో శిష్యుడు తీసుకెళ్లాడు. ఈరవ్వ ఓదెలుకు గంజి తాగించి, తన గుడిసెలో పడుకోబెట్టింది. పొద్దు వాలేసరికి ఆ శిష్యుడు తిరిగొచ్చాడు.

"ఎప్పటిలెక్కనే గురువుగారూ. కొందరు లేచిండ్రు, కొందరు పోయిండ్రు."

కన్నీళ్లు పడ్డా మందు చెడలేదని శరభయ్యకు తెలిసింది. ఎన్నేళ్లుగా దిగమింగుకున్న ఏడుపో! మెల్లగా వచ్చి ఈరవ్వ ముందు కూర్చుని, చెయ్యి చాపాడు.

"నాది గూడ పట్టుకో ఈరవ్వా."

"తిన్నరా అయ్యా? పన్నరా?"

మూడోది అడిగే పని పడలేదు. ఆయన అప్పటికే ఏడుస్తున్నాడు.

ఆ రోజు నుంచి ఊళ్లు తిరిగొచ్చిన ప్రతి శిష్యుడూ ముందు ఈరవ్వకు చెయ్యి ఇచ్చేవాడు. గత్తర పోయింది. ఓదెలు బతికాడు, పెద్ద వైద్యుడయ్యాడు. ఈరవ్వ పండుముసలిదై, ఒక మధ్యాహ్నం అతని చేతిలో చెయ్యి పెట్టి వెళ్లిపోయింది. అతను అందరి ముందే ఏడ్చాడు. ఎవరూ మందు పారబొయ్యలేదు.

ఇప్పటికీ ఆ వాగు పక్క ఊళ్లలో వైద్యం చెయ్యడానికి ఎవరొచ్చినా, రోగి చెయ్యి చూపించే ముందు ఇంటి పెద్దావిడ వచ్చినవాళ్ల చెయ్యి పట్టుకుంటుంది. తిన్నరా? పన్నరా? ఏడ్సిండ్రా? దీన్ని ఈరవ్వ నాడి అంటారు. కారు దిగే డాక్టర్లనూ వదలరు. కొత్తగా వచ్చిన పిల్ల డాక్టర్లు మొదటి రెండింటికీ నవ్వుతారట. మూడోది అడిగేసరికి, కాసేపు కూర్చోవచ్చా అని అడుగుతారట.