సగం గొరిగిన తల

నందిసేనుడికి ఒళ్ళు మండిపోతోంది. తోటి భిక్షువు భద్రకుణ్ణి విహారం నుంచి వెళ్ళగొట్టించాలి. సాయంత్రం అందరూ కూడి తప్పొప్పులు చెప్పుకునే సభలోనే అది జరిగిపోవాలి. అందుకు గురువును ముందే ఒప్పించాలి.

అవకాశం పొద్దున్నే దొరికింది. కృష్ణ ఒడ్డున కొండమీది ఆ విహారంలో అద్దం ఉండకూడదు. పున్నమి వస్తోందంటే భిక్షువులు ఒకరి తల ఒకరు గొరగాలి. ఆ నియమం పెట్టినవారెవరో గాని గట్టివారే! ఎంత పండితుడైనా ఇంకొకడి ముందు మెడ వంచవలసిందే. అయినా ఏ కాలంలోనైనా ఒకటే, కత్తి పట్టినవాడు మాట్లాడతాడు, కత్తి కింద ఉన్నవాడు వింటాడు. ఆ రోజు వృద్ధ గురువు బోధిమిత్రుడి తల నందిసేనుడి వంతుకొచ్చింది.

"ఈ అన్యాయం ఇంకెన్నాళ్ళు భంతే?"

"ఏం జరిగింది నాయనా?"

"ఏం జరగలేదో అడగండి! ఆ భద్రకుడు చీవరం చుట్టుకున్న దున్నపోతు. ధ్యానంలో కూర్చుంటే గురక. భిక్షాపాత్రలు దించీ దించగానే మంచి పండు వాడి చేతిలో. అడిగితే నవ్వుతాడు! మేమేం వెర్రివాళ్ళమా? వాడైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

"ఊఁ" అన్నాడు గురువు.

అది చాలింది. మాట జోరందుకుంది. చెయ్యీ జోరందుకుంది.

నీళ్ళకుండతో వచ్చిన భద్రకుడు గుమ్మంలోనే ఆగిపోయాడు. "అయ్యో, నెత్తురు!"

అప్పుడు చూశాడు నందిసేనుడు. గురువు చెవిపైన తెగింది. నెత్తురు మెడమీదుగా జారి చీవరంలో ఇంకి, అంచున ఎండిపోతోంది కూడా. గురువు కదలనే లేదు.

"చూశారా భంతే!" నందిసేనుడు భద్రకుడి మీదికి లేచాడు. "కత్తి నూరింది వీడే! నూరడం కూడా చేతకాదు వీడికి!"

భద్రకుడు కుండ దించాడు. గుడ్డ తడిపి గాయం మీద అదిమిపట్టాడు.

గురువు నెమ్మదిగా నందిసేనుడి మణికట్టు పట్టుకుని, కత్తితో సహా ఆ చేతిని అతని కళ్ళముందుకు ఎత్తాడు. వేళ్ళు నెత్తుటితో ఎర్రబడ్డాయి.

"వేరెవరినైనా పిలుస్తాను భంతే..." అన్నాడు నందిసేనుడు.

"ఎందుకూ? ఇంకా సగం తల ఉంది, నువ్వే గొరుగు. సాయంత్రం సభలో ఎవరి సంగతి చెప్పాలో ఈలోగా చూసుకో."

గురువు మళ్ళీ మెడ వంచాడు.

నందిసేనుడు కత్తి కడిగాడు. ఆ తర్వాత గదిలో కత్తి గీరిన చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు.