ఆనపకాయ నాడి

నీలవేణి పరీక్ష తప్పింది.

అన్నీ కాదు, ఒక్కటే. కానీ అది జనరల్ మెడిసిన్. డాక్టరు చదువుకి అదే ఆయువుపట్టు అంటారు. రాసిన పేపర్లు బాగానే వచ్చాయి. పోయిందల్లా ప్రాక్టికల్స్‌లో. అందులోనూ మనిషి చెయ్యి పట్టుకుని నాడి చూడ్డం దగ్గర.

ఆ రోజు మంచం మీద ఒక పెద్దాయన పడుకుని ఉన్నాడు. పరీక్ష పెట్టే డాక్టర్లు ఇద్దరు అటూ ఇటూ నిలబడ్డారు. నీలవేణి పెద్దాయన మణికట్టు పట్టుకుంది. గడియారం చూసుకుంటూ నిమిషం పాటు లెక్కపెట్టింది.

"నూట పద్దెనిమిది సార్."

"ఇంకోసారి చూడమ్మా."

ఇంకోసారి చూసింది. ఈసారి ఇంకా గట్టిగా నొక్కి పట్టుకుంది. "నూట ఇరవై నాలుగు సార్."

ఆ పెద్దాయన జబ్బే నాడి నెమ్మదించిపోవడం. నిమిషానికి నలభై సార్లు. అంతకు మించి కొట్టుకోదు. డాక్టర్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దాయన మాత్రం, "అంత పరుగెత్తే వయసా తల్లీ నాది!" అని బోసినోటితో నవ్వాడు.

ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచీ హాస్టల్లో ఆమె పేరు మారిపోయింది. "ఏమే నూట పద్దెనిమిదీ, టిఫినుకి రావా?" అని పిలిచేవారు స్నేహితురాళ్లు. నవ్వించాలనే అన్నారు వాళ్లు. ఆమెకి మాత్రం ముల్లు గుచ్చుకున్నట్టు ఉండేది.

ఇంట్లో చెప్పలేదు. వాళ్ల నాన్న సముద్రం ఒడ్డున వలలు అల్లే మనిషి. ఆమెకి సీటు వచ్చినప్పుడు పేటంతా కలిసి ఫ్లెక్సీ కట్టారు, 'మన పేట డాక్టరమ్మ' అని. ఉప్పుగాలికి బొమ్మలో ముక్కూ మొహం చెరిగిపోయాయి గానీ నాన్న దాన్ని విప్పనివ్వలేదు. ఆ నాన్నకి ఫోన్ చేసి ఏమని చెబుతుంది?

తప్పినవాళ్లు మళ్లీ రాయడానికి ఫారం ఇవ్వాలి. సోమవారం ఆఖరు. ఇవ్వకూడదనే అనుకుంది నీలవేణి. నాడే అందని చేతికి డాక్టరు పని ఎందుకు? ఆ చేతులతో వలలు అల్లుకుంటే నయం. ఆదివారం పొద్దున్నే పెట్టె సర్దేసింది. పెద్ద సారుకి ఒక్క మాట చెప్పి బస్సెక్కుదామని బయల్దేరింది.

పెద్ద సారంటే డాక్టర్ అప్పలాచార్యులు గారు. కాలేజీలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పారు. ఉద్యోగం అయిపోయాక ఇంటి వసారాలోనే బల్ల వేసుకుని వచ్చినవాళ్లని చూస్తున్నారు. రెండేళ్లుగా ప్రతి ఆదివారం నీలవేణి అక్కడికి వెళ్లేది. పేర్లు రాసేది. చేతికి మిషన్ పట్టీ చుట్టి బీపీ చూసేది. మీట నొక్కితే చాలు, బీపీతోపాటు నాడి కూడా అంకెల్లో కనబడేది. ఆమె చదివేది, ఆయన రాసుకునేవారు.

ఆ పూట ఆమె వెళ్లేసరికి బల్ల ముందు సన్యాసమ్మ కూర్చుని ఉంది. కూరగాయలమ్ముకునే మనిషి. గంప పక్కన దించుకుని, మోకాళ్ల నొప్పుల సంగతి చెబుతోంది. వెనక బెంచీ మీద ఇంకో ఐదారుగురు తమ వంతు కోసం చూస్తున్నారు.

నీలవేణి మెట్టు మీదే నిలబడింది. "సార్, వెళ్లొస్తానండీ."

"ఎక్కడికి?"

"ఇంటికండీ. ఇంక రాను. తప్పాను కదండీ."

"తప్పినవాళ్లు మళ్లీ రాయరూ?"

"రాసినా అంతే సార్. నా వేళ్లకి నాడి తెలీదు. కొంతమంది వేళ్లు అంతేనేమో." పెట్టె ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది.

ఆచార్యులు గారు వంగి సన్యాసమ్మ గంపలోకి చెయ్యి పెట్టారు. చేతి పొడుగున ఉన్న లేత ఆనపకాయ ఒకటి తీసి, బల్ల మీద తువ్వాలు పరిచి, దాని మీద జాగ్రత్తగా పడుకోబెట్టారు.

"దీని నాడి చూడమ్మా."

బెంచీ మీద ఎవరో కిసుక్కుమన్నారు. నీలవేణి మొహం ఎర్రబడింది. "ఎగతాళా సార్?"

"పరీక్షలో ఎలా చూశావో అలాగే చూడు. నిమిషం."

"తెల్లారగట్ల కోసుకొచ్చిన కాయ బాబూ," అంది సన్యాసమ్మ, ఆయన కాయని అనుమానిస్తున్నారనుకుని. "దానికేటి రోగముంటాది!"

సారు మాట కాదనలేక నీలవేణి వచ్చి కూర్చుంది. ఆనపకాయ సన్నగా ఉన్న చోట చూసి, వేళ్లు కింద చుట్టి, బొటనవేలు పైన పెట్టి గట్టిగా నొక్కింది. గడియారం చూసింది.

మొదట ఏమీ లేదు. తర్వాత ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. ఇంకాస్త నొక్కింది. వంగి చెవి దగ్గరగా పెట్టింది. నిమిషం అయిపోయినా చెయ్యి తియ్యలేదు.

"సార్... కొట్టుకుంటోందండీ!"

"ఎంత?"

"నూట ఆరు."

"ఓలమ్మో!" సన్యాసమ్మ బుగ్గలు నొక్కుకుంది. "నా ఆనపకాయికి జొరమే!"

వసారా అంతా గొల్లుమంది. "నాలిక సూపించమనండి డాట్రుబాబూ!" అన్నాడు బెంచీ మీద ఒకాయన. "సూదిమందు పొడిసెయ్యండి, లేపోతే పులుసులోకి పనికిరాకుండా పోద్ది!" అంది ఇంకొకామె, చంటిపిల్లని ఎగరేస్తూ.

నీలవేణి కాయని చూసింది. తన బొటనవేలిని చూసుకుంది. వేలు తీసి ఊరికే గాల్లో పట్టుకుంది, మళ్లీ కాయ మీద నొక్కింది. ఉన్నట్టుండి ఫక్కున నవ్వింది. పది రోజులుగా లేని నవ్వు, ఆపుకుందామన్నా ఆగలేదు. నవ్వీ నవ్వీ కళ్లంట నీళ్లు కారాయి.

"ఇది నా బొటనవేలి నాడి కదండీ?"

"నీదే."

"ఆ రోజు కూడా నాదేనా?"

"ఆయనది నలభయ్యేగా మరి."

ఆచార్యులు గారు బీపీ మిషన్ తీసి సొరుగులో పెట్టి సొరుగు మూసేశారు. "ఇది నీ చేతికిచ్చింది నేను. అందుకని తప్పులో సగం నాది."

తర్వాత కాయని గంపలోకి దించి, సన్యాసమ్మ చెయ్యి తీసుకుని తువ్వాలు మీద పెట్టారు. నీలవేణి బొటనవేలిని పక్కకి మడిచి, మిగతా మూడు వేళ్ల కొసలూ ఆ మణికట్టు మీద ఆనించారు.

"నొక్కకు. వచ్చేదాకా ఆగు."

నీలవేణి ఆగింది. ఊపిరి కూడా మెల్లిగా తీసుకుంది. ఎప్పుడూ వాగుతూ ఉండే సన్యాసమ్మ కూడా ఏదో పూజ జరుగుతున్నట్టు నోరు మూసుకుని కూర్చుంది.

కాసేపటికి వచ్చింది. ఒడ్డుకి కట్టిన తెప్పకి చిన్న అల తగిలినట్టు, కింద నుంచి, మెత్తగా. ఒకటి, ఇంకొకటి. తొందర లేదు. పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై...

చటుక్కున చెయ్యి లాగేసుకుంది. "సార్! తప్పిందండీ! మధ్యలో ఒకటి తప్పిపోయింది!"

ఆచార్యులు గారు కళ్లజోడు తుడుచుకుంటున్నారు. "నువ్వేం చేశావు?"

"భయమేసి వదిలేశాను."

"మళ్లీ పట్టుకో."

"నువ్వు బెంగెట్టుకోకమ్మా," అంది సన్యాసమ్మ. "అదలాగే తప్పుతాది. ఆరేళ్లబట్టీ సెప్తన్నారు బాబు. యంత్రం కూడా ఎట్టి సూసినారు, పరవాలేదన్నారు. ఈ గంపెట్టుకుని రోజూ నాలుగు పేటలు తిరిగొత్తన్నాను. నాకేటయిందీ?"

నీలవేణి మళ్లీ మూడు వేళ్లూ ఆనించింది. ఇరవై దాటింది. ముప్పై దాటింది. ముప్పై నాలుగు, ముప్పై అయిదు... వేళ్ల కింద ఏమీ లేదు.

ఈసారి వదల్లేదు.

"తప్పిందా?" అన్నారు ఆచార్యులు గారు.

"తప్పిందండీ."

"తప్పాక?"

"మళ్లీ వచ్చిందండీ."

"ఎలా వచ్చింది?"

నీలవేణి కళ్లు మూసుకుంది. ఇంకొకటి తప్పేదాకా ఓపిగ్గా కాచుకుంది. వసారాలో చంటిపిల్ల ఒక్కత్తే ఏదో ఊసులాడుతోంది. చాలాసేపటికి నీలవేణి కళ్లు తెరిచింది. మాట చాలా మెల్లిగా వచ్చింది.

"తప్పిన తర్వాత వచ్చేది... ముందువాటికంటే గట్టిగా కొట్టుకుంటోందండీ."

"ఎప్పుడూ అంతే," అన్నారాయన.

నీలవేణి ఆ చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

"ఒగ్గెయ్యవేటమ్మా నా సెయ్యి?" అంది సన్యాసమ్మ. "ఎండెక్కిపోతంది, బేరాలున్నాయి." లేచి, చీర దులుపుకుని, గంప తల మీదకి ఎత్తుకుంటూ అడిగింది. "వచ్చే ఆదోరం కూడా నువ్వే సూత్తావేటి? నీ సెయ్యి మెత్తగుంది."

ఆచార్యులు గారు వీధిలోకి చూస్తున్నారు.

"నేనే చూస్తాను," అంది నీలవేణి.

కుళాయి దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కుంది. తడి తుడుచుకుంటూ వసారా అంచుకి వచ్చి, బెంచీ వైపు తిరిగి, అందరికీ వినబడేట్టు పిలిచింది.

"తర్వాత ఎవరండీ?"