మోసుకెళ్లిన మాట

శంభులింగం ఒకసారి విన్నాడంటే ఆ మాట ఇక మరిచిపోడు. అందుకే ఊళ్లోకి ఏ కబురు పంపాలన్నా గురువు విరూపాక్షయ్యగారు అతన్నే పంపేవారు. అలాంటివాడు ఒకనాడు ముఖం ముడుచుకుని మఠానికి తిరిగొచ్చాడు.

"స్వామీ, 'ఈసారి పూజకు రాకపోతే ఇక మా గడప తొక్కొద్దు' అని పెద్దారెడ్డిగారికి చెప్పమన్నారు. పొల్లుపోకుండా అలాగే చెప్పాను. ఆయన చేతిలో చెంబు విసిరికొట్టి లోపలికి వెళ్లిపోయాడు. ఉన్నమాట ఉన్నట్టు చెబితే మనుషులకు కోపమెందుకొస్తుంది?"

గురువుగారు ఆ మాట అన్నది చిన్ననాటి స్నేహితుడైన పెద్దారెడ్డి మీద చనువుతో, నవ్వుతూ. ఆ సంగతి ఇప్పుడు ఎత్తలేదు. "నేతవీధిలో ఓబులేసు, తిప్పమ్మ మాట్లాడుకోవడం మానేశారట. నువ్వు వెళ్లి వాళ్ల మధ్య నాలుగు మాటలు మోసిపెట్టు" అన్నారు.

గొడవ నూలు దగ్గర మొదలైంది. భార్య అద్దిన రంగు కుదరలేదని ఓబులేసు బేరగాడి ముందే అనేశాడు. అప్పటినుంచి ఆయన మగ్గం గదిలో, ఆమె వంటింట్లో. తిప్పమ్మ అన్నగారి ఊరికి పోతానని మూట కూడా కట్టుకుంది.

శంభులింగాన్ని చూడగానే ఓబులేసు మగ్గం ఆపాడు. గొంతు తగ్గించి, "ఆయమ్మ ఇంకా ఈడనే ఉందా? అడుగు సామీ" అన్నాడు.

శంభులింగం వంటింటి గుమ్మంలో నిలబడి పాఠం అప్పజెప్పాడు. "ఆయమ్మ ఇంకా ఈడనే ఉందా, అంటున్నాడు."

బియ్యం ఏరుతున్న తిప్పమ్మ చేతులు ఆగిపోయాయి. "అంత బరువైపోయినానా? ఆయన కూడు ఆయన్నే వండుకోమని చెప్పు" అంటూనే చేటలో ఇంకో దోసెడు బియ్యం పోసుకుంది.

శంభులింగం ఆ మాటా చేరవేశాడు. ఓబులేసు ముఖం వాడిపోయింది. "అట్లనా. అయితే బండి మాట్లాడతానని చెప్పు" అని లేచి, భుజం మీదున్న కండువా కోసం గదంతా వెతకసాగాడు.

బండి మాట వినగానే తిప్పమ్మ మూట అందుకుంది. శంభులింగం ఒక్క ముక్క కూడా మార్చలేదు. అయినా కళ్లముందే ఒక సంసారం చెదిరిపోతోంది.

గడప దగ్గర ఆమె ఆగింది. "నాయనా, ఆ మాట ఎట్లన్నాడు?"

"నేను చెప్పినట్టే అమ్మా. ఒక్క అక్షరం కూడా..."

"అక్షరాలు కాదు. మొగం ఎట్లుంది?"

ఇంతవరకు అతన్నెవరూ అలా అడగలేదు. గుర్తు తెచ్చుకుంటూ మెల్లగా చెప్పాడు. "కండువా భుజాన పెట్టుకుని కండువా కోసమే వెతుకుతున్నాడు. నువ్వున్నావా అని అడిగినప్పుడైతే గొంతు బాగా తగ్గించాడు. నీ గాజుల చప్పుడైతే మెడ చాచి ఇటే చూశాడు."

తిప్పమ్మ మూట దించి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది నవ్వో ఏడుపో శంభులింగానికి అంతుపట్టలేదు. ఈసారి ఎవరూ పంపకుండానే మగ్గం గదికి పరుగెత్తాడు. "నిన్ను వండుకోమంటూనే నీకూ కలిపి బియ్యం పోసిందయ్యా" అన్నాడు.

ఓబులేసు వంటింటి దాకా వచ్చి నిలబడ్డాడు. "రంగు బాగానే ఉందిలే."

"ఏం బాగు? రవ్వంత ఎక్కువ ఉడికింది" అంది తిప్పమ్మ.

"బేరగాడి ముందర అనకుండా ఉండాల్సింది."

"ఊఁ. కూర్చో."

ఆ తర్వాత వాళ్లకు మాటలు మోసేవాడితో పనిలేకపోయింది. విస్తరి మాత్రం అతనికీ వేశారు.

శంభులింగం కడుపునిండా తిని మఠానికి వచ్చి జరిగిందంతా చెప్పాడు. "నేను మొదట చేర్చిన మాటల్లో తప్పు లేదు గదా స్వామీ. మరి వ్యవహారం బండి దాకా ఎందుకు పోయింది?"

గురువుగారు చిన్నగా నవ్వారు. "మాటలన్నీ భద్రంగానే చేర్చావు నాయనా. మనిషినే దారిలో దింపేశావు."